మేడం ఎవరూ రాలేదన్నారు

నా ఉద్యోగం ఏమిటంటే

మా వీధిలో రిటైరైన తహసీల్దారు ఒకాయన ఉన్నాడు. ఏం చేసేవారండీ అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తాడు, అడిగినవాళ్లు వెంటనే కాస్త వంగి మాట్లాడతారు. నాకా భాగ్యం లేదు. జనాన్ని ప్రశ్నలు అడిగి రాసుకొచ్చేవాణ్ణి అంటే "జనాభా లెక్కలా?" అంటారు. కాదంటే "ఓట్ల సర్వేనా?" అంటారు. అదీ కాదంటే జాలిపడి మాట మారుస్తారు.

హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో ఫీల్డు సూపర్వైజరుగా పనిచేసి దిగిపోయాను. ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్న పిల్లలు టాబ్లెట్లు చంకన పెట్టుకుని వచ్చి మీ అనుభవాలు చెప్పండి సార్ అని అడుగుతున్నారు. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, వాటికంటే ఎక్కువసార్లు ఎందుకు రాలేదో రాస్తే అదో పెద్ద పురాణం, చదివే నాథుడుండడు. కాబట్టి ఒక్క సర్వే గురించి రాస్తాను. అందులో నేను తప్పు చేశాను, నష్టం మాత్రం ఇంకొకరికి జరిగింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అప్పటికింకా జిల్లాలు కాలేదు, వరంగల్ కిందే ఉండేవి. మాకు అప్పజెప్పిన పని వింటే మీకు నవ్వొస్తుంది. తండాల వాళ్లను, దళితవాడల వాళ్లను చిన్నచూపు చూడకుండా ఉండాలన్న పట్టుదల మిగతా జనంలో ఎంత ఉందో, అది ఎక్కడి నుంచి పుడుతుందో కొలవాలి. చిన్నచూపు ఉందా అని అడగడం కాదు. ఉందని ఎవడూ ఒప్పుకోడు. దాన్ని బయట పెట్టకుండా ఎందుకు ఆపుకుంటున్నావు అని అడగాలి.

దీనికి రెండు అరలు ఉండేవి. మొదటిదాన్ని మేం మనసు అర అనేవాళ్లం. "తండా మనిషిని తక్కువగా చూడటం తప్పని నా మనసుకే అనిపిస్తుంది" లాంటి ప్రశ్నలు అందులోవి. రెండోది నలుగురి అర. "తక్కువగా మాట్లాడితే నలుగురూ ఏమనుకుంటారోనని నోరు అదుపులో పెట్టుకుంటాను" లాంటివి అందులోవి. ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక అంకె చెప్పించుకోవాలి. రెండు అరల మొత్తాలూ విడివిడిగా వేసుకోవాలి. మొదటి అర ఖాళీగా ఉండి రెండోది నిండితే, ఆ మనిషి చుట్టాలు వెళ్లేదాకా మాత్రమే మంచివాడన్నమాట. ఆలోచన మంచిదే. దాన్ని పట్టుకుని తిరిగినవాళ్లం మేము కావడమే దాని దురదృష్టం.

డాక్టర్ గారి తెలుగు

మా ప్రాజెక్టు డైరెక్టరును అందరూ డాక్టర్ గారు అనేవాళ్లం. కోస్తా మనిషి. పెద్ద చదువు, మంచి చొక్కాలు, శుభ్రమైన ఉచ్చారణ. ప్రశ్నలను తెలుగులో పెట్టింది ఆయనే. మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. "అణగారిన సమూహాల పట్ల పూర్వనిర్ణీత ప్రతికూల భావనలను ప్రదర్శించకుండుట నా ఆత్మగౌరవమునకు అంతర్గతముగా ప్రాముఖ్యమైనది." జనగామ పక్క ఊళ్లో దీన్ని ఒక ముసలాయనకు చదివి వినిపించాను. ఆయన చేతులు జోడించి అంతా విన్నాడు. "ఏ దేవునిది బిడ్డా గీ మంత్రం?" అన్నాడు.

ఈ సంగతి చెప్పి ప్రశ్నలు మార్చమని అడిగితే డాక్టర్ గారు నవ్వారు. ఆయనకు మా మాటలంటే అంత సరదా. టీ వేళకు ఎవరైనా బయటివాళ్లు వస్తే నన్ను పిలిచేవారు. "ఏదీ, మీవాళ్లు 'ఏంది' అంటారే, ఒకసారి అనవయ్యా" అనేవారు. నేను అనేవాణ్ణి. వచ్చినవాళ్లు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. అలా కొన్నేళ్లు నవ్వాను. చిన్నచూపును కొలిచే ప్రాజెక్టు ఆఫీసులో ఇది రోజూ జరిగేది, మాలో ఒక్కరికి కూడా ఇందులో విడ్డూరం కనిపించలేదు.

తర్వాత ఉద్యమం ముదిరింది. ఆఫీసు గేటు ముందు నినాదాలు వినిపించసాగాయి. ఒక రోజు పొద్దున డాక్టర్ గారు కారు దిగి గేటు దగ్గర కాపలా మనిషిని భుజం తట్టి "ఏంది అన్నా, మంచిగున్నవా?" అన్నారు. ఆ మనిషి ఆ రోజంతా అదోలా ఉన్నాడు. మా ప్రశ్నలే డాక్టర్ గారిని అడిగి ఉంటే నలుగురి అర పొంగిపొర్లేది. చివరికి ఆయన ఒప్పుకుంటే ప్రశ్నలను మాట్లాడే భాషలోకి నేనే మార్చాను. గేటు దగ్గర నినాదాలు చేసినవాళ్లకు తాము అంత మేలు చేశామని తెలియదు.

రోడ్డు మీద బంతి

బందుల వల్ల బస్సులు నడవడం లేదు. మా వాళ్లు ఊరూరా తిరగడం ఎలాగన్నది సమస్య అయింది. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆ రోజుల్లో వంటావార్పు అని జరిగేది. జనమంతా హైవే మీద పొయ్యిలు పెట్టి, వండి, రోడ్డు మీదే వరసగా కూర్చుని తినేవాళ్లు. ఊళ్లకు మనం పోలేకపోతే ఏం, ఊళ్లే ఇక్కడికి వస్తున్నాయి కదా, ఇక్కడే అడిగేద్దాం అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

జనగామ దగ్గర మొదటి రోజు నేనే ఫారాలు పట్టుకుని బంతి మధ్యలో తిరిగాను. కిరాణా దుకాణం సేటు, పక్కన దళితవాడ నుంచి వచ్చిన డప్పు మేళం మనిషి, ఆయన పక్కన పంతులమ్మ, ఆమె పక్కన తండా నుంచి వచ్చిన ముసలమ్మ. అందరికీ ఒకే గంటెతో పప్పు. నిజం చెప్పాలంటే నా కళ్లు చెమర్చాయి. మా నాన్న పటేలు కాదు గానీ పటేలు అనిపించుకోవాలని మహా కోరిక ఉండేది. ఆయన బతికుండి ఈ బంతి చూస్తే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

సేటు దగ్గర కూర్చుని ప్రశ్న చదివాను. ఆయన వేళ్లకు అన్నం అంటుకుని ఉంది. ఒకసారి పక్కనున్న డప్పు మనిషి వైపు చూశాడు.

"తొమ్మిది వెయ్యి సారు. తొమ్మిదికి మీద ఏదన్న ఉంటే గదే వెయ్యి" అన్నాడు.

తర్వాతి మనిషి ఇంకా సులువుగా తేల్చేశాడు. "సేటుకు ఎంతేసినవో నాకు గంతే వెయ్యి."

ఆ బంతిలో అందరికీ మనసు అర నిండిపోయింది. నలుగురి అర దాదాపు ఖాళీ. సేటు పక్కకు చూసి అంకె చెప్పిన సంగతి నేను కళ్లారా చూశాను, కానీ ఫారంలో దానికి గడి లేదు కాబట్టి రాయలేదు. గడి లేనిదాన్ని చూడకపోవడం మా వృత్తిలో మొదట అబ్బే విద్య. ఫారాలు చూసి డాక్టర్ గారు మురిసిపోయారు. ఉద్యమం మనుషుల మనసులనే మార్చేసిందని ఒక పెద్ద వ్యాసానికి మొదటి పేజీ అప్పుడే రాసేశారు.

కమల ఫారాలు

అందరి ఫారాలూ ఒక తీరుగా ఉంటే ఒకామెవి వేరే తీరుగా వచ్చాయి. ఆమె పేరు బానోతు కమల. తొర్రూరు వైపు తండా. బీయెడ్డు చదివింది, ఇద్దరు పిల్లల తల్లి, నలభైకి దగ్గరపడుతున్న మనిషి. మాతో అప్పటికి రెండేళ్లుగా ఫీల్డులో పనిచేస్తోంది. వంటావార్పు దాకా రావడానికి బస్సుల్లేక, తండా చుట్టుపక్కల ఊళ్లలోనే ఇంటింటికీ నడిచి పోయి అడిగిందామె. అలా చేయమని చెప్పింది నేనే.

ఆమె ఫారాల్లో మనసు అర అడుగంటి ఉంది. ఒకటి, రెండు, రెండు, ఒకటి. పైగా ప్రతి ఫారం మూలనా పెన్సిలుతో ఏదో గుర్తు ఉంది. కొన్నింటికి చిన్న గడి, కొన్నింటికి అడ్డగీత, చాలావాటికి నిలువుగీత.

"ఇంట్లో కూర్చుని నింపేసింది" అన్నారు డాక్టర్ గారు. "గుర్తులు పెట్టుకుంది చూడండి, ఏది ఎలా నింపిందో మరిచిపోకుండా."

ఇంటికి పోకుండా ఫారం నింపడం మా వృత్తిలో దొంగతనంతో సమానం. అనుమానం వస్తే సూపర్వైజరు కొన్ని ఇళ్లకు స్వయంగా పోయి, మా మనిషి వచ్చిందా లేదా అని అడిగి రావాలి. కమలకు ఈ తనిఖీ మామూలు సంగతి కాదు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ పోస్టుకు ఆమె అర్జీ పెట్టుకుంటోంది. రెండేళ్లు నిజాయితీగా పనిచేసినట్టు మా సంస్థ అనుభవ పత్రం ఇవ్వాలి. ఆ ఏడు దాటితే వయసు పరిమితి దాటిపోతుంది. ఆ కాగితం కోసం నా చేతనే దరఖాస్తు రాయించుకుంది. అంటే ఆ పోస్టు ఆమెకు ఎంత అవసరమో నాకు బాగా తెలుసు. తెలిసే పోయాను.

మూడు ఇళ్లు

మొదటిది ఒక మాజీ సర్పంచ్ ఇల్లు. నేను గేటు తీయగానే ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు, ఫ్యాను వేశాడు, టీ పెట్టమని లోపలికి కేక వేశాడు. నేను అసలు సంగతికి వచ్చాను.

"మా సర్వే మేడం ఒకామె వచ్చి మిమ్మల్ని ప్రశ్నలు అడిగి పోయిందా?"

ఆయన ఆలోచించాడు. వంటింటి వైపు తిరిగి "ఏమే, మనింటికి ఎవలన్న మేడం వచ్చిందా?" అని అడిగాడు.

"ఏ మేడం రాలే" అన్న జవాబు వచ్చింది.

రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటాయన రిటైరైన పంతులు. "మేడంలెవరూ రాలేదు, వస్తే నాకు తెలవకుండ ఉంటదా?" అన్నాడు. మూడు ఫారాల మీదా "ఇంటికి వెళ్లలేదు" అని రాసి, కింద నా సంతకం అందంగా పెట్టాను. వారం తిరక్కుండా కమలను పనిలోంచి తీసేశారు. కారణం దగ్గర 'తప్పుడు ఫారాలు' అని రాశారు.

బాయిల ఒకటి, మీద ఒకటి

తర్వాత నన్ను భూపాలపల్లి పంపారు. బొగ్గు గనుల్లో సమ్మె నడుస్తోంది. చెల్పూరు దగ్గర టీ కొట్టులో ఒక గని కార్మికుణ్ణి కూర్చోబెట్టి ప్రశ్న చదివాను. పెద్ద వయసు మనిషి, తొందరేమీ లేదు ఆయనకు.

"సారు, నువ్వు బాయిల సంగతి అడుగుతున్నవా, మీది సంగతి అడుగుతున్నవా?" అన్నాడు. గనిని వాళ్లు బాయి అంటారు, మీద అంటే గని బయట.

రెండూ ఒకటే కదా అన్నాను.

"ఒకటెట్లయితది? బాయిల దిగినంక మేమందరం నల్లగనే ఉంటం. పక్కోని సీసల నీళ్లు తాగుతం, వాని టిఫినీల చెయ్యి పెడ్తం. మీదికొచ్చి తానం చేసినంక ఎవని కులం వానికి కనవడ్తది. బాయిల నంబరు తొమ్మిది రాసుకో. మీది నంబరు నన్ను అడగకు. నా ఇంటి ముంగటకొచ్చి చూసి నువ్వే రాసుకో."

ఫారంలో ఒక్క అంకెకే చోటుంది. నేను తొమ్మిది రాసుకున్నాను. కానీ తిరిగి వస్తుంటే ఆయన మాట నన్ను వదల్లేదు. వంటావార్పు కూడా ఒక బాయి లాంటిదే కదా అనిపించింది. అక్కడ మేం రాసుకున్న తొమ్మిదులన్నీ ఇంటికి పోయి స్నానం చేశాక ఏమయ్యాయో మాకు తెలియదు. వాళ్లవి అబద్ధాలని అనను. ఆ రోడ్డు మీద ఆ పూట అవి నిజమే. ఇళ్ల దగ్గర అడగమని నేను పంపింది మా మొత్తం మందిలో ఒక్క కమలనే.

మానుకోట లాడ్జి

అప్పుడు మానుకోటలో ఒక లాడ్జి గది మా ఆఫీసు. అందులో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. రెండింట్లో ఫారాల కట్టలు, ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో ఫారాలు నింపే మా కొత్త ఇన్వెస్టిగేటరు. కమల వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి ఉంది.

"సార్, నేను ఆ ఇండ్లకు పోయిన" అంది.

"నేనూ పోయాను కమలా. ముగ్గురూ రాలేదన్నారు."

"మీరు ఏమని అడిగిండ్రు?"

"మా మేడం వచ్చిందా అని అడిగాను."

ఆమె మామూలుగానే నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"మేడం రాలే సార్. వాళ్ల ఇంటికి మేడం ఎట్లొస్తది? మా బాపు వాళ్ల పొలంల పని చేసిండు. బానోతు లచ్చు బిడ్డ వచ్చిందా అని అడగండ్రి."

నాకు చిరాకేసింది. ఒక తప్పులో దొరికిపోయినవాళ్లు ఇంకో కథ అల్లడం మా వృత్తిలో చాలా చూశాను. మరి ఆ పెన్సిలు గుర్తులేమిటని అడిగాను. ఆమె నోటుపుస్తకం తెరిచింది. ఊరు పేరు, ఇంటి నంబరు, ఎదురుగా అవే గుర్తులు.

"మీరే చెప్పిండ్రు గద, ఇంటికి పోంగనే ముందుగాల కూసోవాలె, కూసున్నంకనే అడగాలె అని. కుర్చీ ఏసినోళ్లకు గడి పెట్టిన. అరుగు మీద కూసోమన్నోళ్లకు అడ్డగీత. నిలవెట్టి మాట్లాడినోళ్లకు నిలువుగీత. మీ పద్ధతి తప్పిన అని రేపు మీరే అంటరు, ఎక్కడన్న రాసుకోవాలె గద సార్."

పాఠం చెప్పింది నేను. ఫ్యాను కింద, పాతికమందిని బెంచీల మీద కూర్చోబెట్టి చెప్పాను. కూర్చోమననివాళ్ల ఇంట్లో ఎలా కూర్చోవాలో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే నన్ను కూర్చోమనని ఇల్లు నాకు తగల్లేదు.

"మరి జవాబులు అంత తక్కువగా ఎందుకున్నాయి?"

"నా ముందట దాసుకునుడు ఎందుకు వాళ్లకు? సర్పంచ్ సారైతే నవ్విండు. నీకు తెల్వదా లచ్చు బిడ్డా, రెండు రాసుకో అన్నడు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న అతి పెద్ద సంగతి ఇదే, చెప్పింది మా డైరెక్టరు కాదు. జనం చిన్నచూపును నలుగురికి భయపడి దాచుకుంటారని మా సిద్ధాంతం. ఆ నలుగురిలో మేమున్నాం, పేపర్లవాళ్లున్నారు, ఊరి పెద్దలున్నారు. చిన్నచూపు ఎవరి మీదో ఆ మనిషి మాత్రం లేదు. ఆమె ఏమనుకుంటుందోనన్న బెంగ ఎవరికీ లేదు కాబట్టి ఆమె ముందు అందరూ నిజం చెప్పారు. మా నోట్లో మట్టి కొట్టినట్టు, మొత్తం సర్వేలో నమ్మదగిన ఫారాలు మేం అవతల పారేసినవే.

మళ్లీ అదే గేటు

మర్నాడు మాజీ సర్పంచ్ ఇంటికి మళ్లీ పోయాను. మళ్లీ కుర్చీ, మళ్లీ ఫ్యాను. ముందు మా సర్వే ప్రశ్ననే నేను ఆయన్ను అడిగాను. "తొమ్మిది రాయుండ్రి సారు. తండోళ్లను తక్కువ చూసుడు పాపం గాదా?" అన్నాడు. అప్పుడు అడిగాను.

"బానోతు లచ్చు బిడ్డ వచ్చిందా?"

"ఆ, వచ్చింది. ఏందో కాయిదాలు పట్టుకొని గంటసేపు అడిగింది. నిలవడి నిలవడి కాళ్లు గుంజినయేమో, గీ గోడకు ఒరిగింది."

"మరి మొన్న ఎవరూ రాలేదన్నారే?"

"మేడం వచ్చిందా అంటిరి. మేడం యాడొచ్చింది? లచ్చు బిడ్డ గద వచ్చింది."

ఆయన అబద్ధమాడలేదు. కపటం కూడా లేదు, నాకు రెండో టీ కూడా పోయించాడు. ఆయన కళ్ల ముందు ఒక మనిషి గంటసేపు నిలబడి మాట్లాడి పోయింది, అయినా ఆయన లెక్కలో ఎవరూ రాలేదు. మిగతా ఇద్దరూ అదే చెప్పారు. పంతులు గారైతే నన్నే తప్పుబట్టాడు, ముందే సరిగ్గా అడగాల్సింది అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవిస్తాను.

నాలుగు రోజులు ఆగమ్మా

హైదరాబాదు పోయి డాక్టర్ గారికి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మనిషి తెలివైనవాడు, నాకంటే ముందే అర్థమైంది ఆయనకు.

"ఆమె ఫారాలు నిజమైతే వంటావార్పు ఫారాలు ఏమవుతాయో ఆలోచించారా? ఆ ఐడియా మీదే కదా. తనిఖీ కాగితం మీద సంతకం కూడా మీదే. కదిలిస్తే మీకే చుట్టుకుంటుంది" అన్నారు. తర్వాత మెత్తగా, "ఎందుకన్నా పరేషాన్ అవుతవు?" అన్నారు.

నా సంతకాన్ని నేనే కొట్టేసి, తప్పు నాదని రెండు వాక్యాలు రాస్తే చాలు. ఆయన అడ్డుపడేవాడు, అయినా ఆయన పైన ఇంకా మనుషులున్నారు. రాయలేదు. కమల ఫోన్ చేస్తే నాలుగు రోజులు ఆగమ్మా అన్నాను. మళ్లీ చేస్తే సమ్మె అయిపోనీ అన్నాను. ఇంకోసారి చేస్తే సారు ఊళ్లో లేరన్నాను. ఆ మూడో అబద్ధం చెప్పేటప్పుడు డాక్టర్ గారు పక్క గదిలో టీ తాగుతున్నారు. వార్డెన్ పోస్టు దరఖాస్తుకు ఆఖరి తేదీ నా క్యాలెండర్లో రాసి ఉండేది. అది దాటిన రోజు పొద్దున ఆ కాగితం చింపేశాను. ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు.

రాష్ట్రం వచ్చింది. డాక్టర్ గారు సొంత ప్రాంతానికి బదిలీ చేయించుకున్నారు. మిఠాయిలు పంచుతున్న ఆఫీసులో కూర్చుని అప్పుడు రాశాను, తప్పు నాది, బానోతు కమల నిజాయితీగా పనిచేసింది అని. కొత్తగా వచ్చినావిడ చదివి వెంటనే అనుభవ పత్రం మీద సంతకం పెట్టింది, పాత ఆర్డరు కూడా రద్దు చేసింది. అంతా కలిపి ఒక్క పూట పని. నలుగురి భయం పోయాక గానీ నాకు మనసు గుర్తు రాలేదు.

మంచం

పత్రం తీసుకుని తండాకు పోయాను. కమల ఇంటి ముందు బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి తడి చేతులు తుడుచుకుంది, లోపల్నుంచి నులక మంచం తెచ్చి వాల్చింది.

"కూసోండ్రి సార్" అంది. అదే మొదటి మాట.

లోపల్నుంచి వాళ్లమ్మ వాళ్ల భాషలో ఏదో అడిగింది, కమల ఏదో చెప్పింది. మీ అమ్మ ఏమంటోంది అన్నాను.

"ఎవలొచ్చిండ్రని అడిగింది. సర్వే సారు వచ్చిండని చెప్పిన."

పత్రం ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"తారీకు అయిపోయి చానా దినాలైంది సార్."

"తెలుసు."

"మరి ఎందుకు తెచ్చిండ్రు?"

సరిగ్గా మా సర్వే ప్రశ్నే అది. మనసు ఒప్పుకోలేదు అని చెప్పబోయి మానుకున్నాను. జవాబు వచ్చేదాకా ఓపిగ్గా చూడాలి, మనం అందించకూడదు అని ఆమెకు నేర్పింది నేనే. ఆమె అందించలేదు. అలాగే చూస్తూ నిలబడింది. ముందే తేవాల్సింది అని మాత్రం అన్నాను.

తొర్రూరులో ఒక ప్రైవేటు బడిలో చెప్తున్నానంది. పత్రం మడిచి లోపల పెట్టి వచ్చింది. వస్తూ ఆ నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ పనిది గద, మీరే ఉంచుకోండ్రి" అంది.

తిరుగు బస్సులో తెరిచాను. ఊళ్లు, ఇళ్లు, గీతలు. ఊళ్లకంటే ముందు, మొట్టమొదటి పేజీలో ఒకే ఒక వరస ఉంది. 'వరంగల్ ఆఫీసు, ఇంటర్వ్యూ, సూపర్వైజర్ సార్.' ఎదురుగా నిలువుగీత. ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్న ఆ రోజు నాకు గుర్తే లేదు. చివరి పేజీ తిప్పాను. 'మానుకోట లాడ్జి, సూపర్వైజర్ సార్.' ఎదురుగా నిలువుగీత. ఆ రోజు మాత్రం గుర్తుంది. నాలుగు కుర్చీలు. రెండింట్లో ఉన్నవి కాగితాలు. కిందపెడితే వాటికి కాళ్లు నొప్పి పుట్టవు.

పిల్లలూ, మీరు నన్ను అనుభవాలు అడిగారు. ఇవీ నా అనుభవాలు. ఇప్పుడు మా గుమ్మంలోకి ఎవరొచ్చినా, గ్యాసు బండ తెచ్చినవాడైనా, చెత్త తీసుకుపోయే ఆమె అయినా, ముందు కుర్చీ జరిపి కూర్చోమంటాను. రిటైరయ్యాక మర్యాద పెరిగిందని మా ఆవిడ నలుగురికీ చెప్పుకుంటుంది. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. కుర్చీ జరిపేటప్పుడు నా కళ్లు వచ్చినవాళ్ల మొహం వైపు పోవు. చేతిలో పెన్సిలు ఉందేమోనని చూస్తాయి.